కారు అదురును కొలిచే ఫోను యాప్: మూడేళ్లు వాడాక

"స్టీరింగ్ అదురుతోందండీ" అని ఎప్పుడు ఫిర్యాదు చేసినా నాకు దొరికిన జవాబు ఒక్కటే: "మీకు అలా అనిపిస్తోంది." ఆ మాట పదిసార్లు విన్నాక మనిషికి తన చేతుల మీదే నమ్మకం సడలుతుంది. నిన్న ఎక్కువ అదిరిందా, ఇవాళ తగ్గిందా, లేక రోడ్డు మారిందా? ఏదీ గట్టిగా చెప్పలేం. అదురును అంకెగా మార్చి, తేదీ వేసి దాచిపెడుతుంది కాబట్టే ఈ యాప్‌ను మూడేళ్లుగా ఫోనులో ఉంచుకున్నాను. దీని మిగతా సుగుణాల గురించి మొదటి నెలలో చాలా గొప్పగా చెప్పాను. వాటిలో కొన్నిటిని ఇప్పుడు సవరించుకోవాలి.

పేరు చెప్పను. ఈ తరహా యాప్‌లు చాలా ఉన్నాయి, లోపల జరిగే పని అన్నిటిలో ఇంచుమించు ఒకటే. ఫోనులోని యాక్సెలరోమీటర్ కుదుపులను పట్టుకుంటుంది. యాప్ వాటిని సెకనుకు ఎన్నిసార్లు వస్తున్నాయన్న లెక్కన విడదీసి గ్రాఫ్ గీస్తుంది. నాది టైరు కొలత, సిలిండర్ల సంఖ్య ముందే అడిగి, ఆ వేగంలో చక్రం అదురు ఎక్కడ కనబడాలో, ఇంజన్ అదురు ఎక్కడ కనబడాలో చుక్కల గీతలతో గుర్తుపెట్టే రకం. నేను డ్రైవింగ్ చేస్తుంటే పక్క సీట్లో మా ఆవిడ ఫోను చూసి చెబుతుంది. గ్రాఫ్‌లో లేచినదాన్ని తను "కొండ" అంటుంది. "పద్నాలుగు దగ్గర కొండ లేచింది" అంటే నాకు సరిపోతుంది.

లెక్క చిన్నదే. నా టైరు 185/65 ఆర్15. అది ఒక చుట్టు తిరిగితే కారు సుమారు 1.9 మీటర్లు ముందుకు వెళ్తుంది. గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో దాన్ని 7తో భాగిస్తే, చక్రం సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతోందో దాదాపుగా వచ్చేస్తుంది: 70 దగ్గర 10, 100 దగ్గర 14 పైచిలుకు. ఇంజన్ లెక్క వేరు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకు రెండుసార్లు ఇంధనం మండుతుంది. అందుకని కారు నిలబడి ఇంజన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతున్నప్పుడు దాని కొండ 25 దగ్గర, 2,400 చుట్లప్పుడు 80 దగ్గర ఉంటుంది. కాబట్టి 100 వేగంలో 14 దగ్గర కొండ లేచిందంటే దోషం చక్రంతో పాటు తిరిగేవాటిలోనే వెతకాలి: టైరు, రిమ్ము, డిస్కు, చక్రాన్ని బిగించే నడిమి భాగమైన హబ్, ఇంజన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్టు. ఇంజనూ దాన్ని మోసే మౌంట్లూ ప్లగ్గులూ అనుమానితుల వరసలోంచి తప్పుకుంటాయి. వేగం మాత్రం జీపీఎస్ నుంచే తీసుకోవాలి. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు గానీ కొంత ఎక్కువ చూపవచ్చునన్నది ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల్లో 39వది. దాని ప్రకారం అసలు వేగం 100 ఉన్నప్పుడు ముల్లు 114 మీద ఉన్నా తప్పు కాదు.

ఇక అసలు కథ. కారుతో వచ్చిన ఇనుప చక్రాలు తీసివేసి, బయట కొన్న అల్లాయ్ చక్రాలు వేయించుకున్నాను. అందంగా ఉన్నాయని, బండి తేలిగ్గా పోతోందని కనబడిన ప్రతివాడికీ చెప్పాను. ఏడాది తిరిగాక స్టీరింగ్‌లో వణుకు మొదలైంది. 85 వరకు ఏమీ ఉండదు. 95 నుంచి 105 మధ్య అరచేతులు తిమ్మిరెక్కుతాయి. 115 దాటితే మళ్లీ తగ్గిపోతుంది. వేగం పెరిగితే అదురు పెరగాలి గానీ తగ్గడం ఏమిటని చాలాకాలం తికమకపడ్డాను. చక్రమూ దాన్ని మోసే భాగాలూ టైరుకూ స్ప్రింగుకూ మధ్య తమంతట తాము ఊగే వేగం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్లు. చక్రం తిరిగే వేగం దానితో కలిసిన చోట చిన్న దోషం కూడా పెద్దదై చేతికి తగులుతుంది, దాటిపోతే సద్దుమణుగుతుంది. అంటే 115 దగ్గర దోషం పోలేదు, చేతికి తెలియడం మానేసింది, అంతే.

కొండ కచ్చితంగా 14 మీద ఉంది. ఎత్తు 38 మిల్లీ జీ, అంటే భూమ్యాకర్షణలో వెయ్యికి 38 వంతులు. స్టీరింగ్ వణుకుతోంది కాబట్టి ముందు చక్రాలే అనుకున్నాను. సీటు వణికితే వెనకవి అంటారు, ఆ సామెత చాలావరకు నిజమే. న్యూట్రల్‌లో వేసినా అదురు తగ్గలేదు, బ్రేకు తొక్కకపోయినా ఉంది. బ్యాలెన్సింగ్ చేయించాను, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చిన్న సీసం బిళ్లలు అంటించడం. కొండ ఎత్తు అంకె 38 నుంచి 14కు దిగింది. సంతోషంతో యాప్‌కు అయిదు నక్షత్రాలు ఇచ్చి, "ఇది ఉంటే మెకానిక్ అవసరం సగం తగ్గుతుంది" అని రాశాను. ఆ "సగం" అన్న మాటను ఇప్పుడు కొట్టివేస్తున్నాను.

మూడు వారాల తర్వాత పంక్చరైంది. అదే చక్రం విప్పి, అతుకు వేసి, బిగించారు. అంకె 52. మళ్లీ బ్యాలెన్సింగ్. మిషన్ మీద చక్రానికి రెండు పక్కలా బరువు తేడా సున్నా అని వచ్చింది, నా కళ్లతో చూశాను. కారు ఎక్కితే 47. ఇంకో దుకాణానికి వెళ్లాను. అక్కడా సున్నానే, అక్కడినుంచి వస్తుంటే 21. "రోడ్డు అలాంటిదండీ, ఏ కారైనా ఇంతే" అన్నాడు అక్కడి పెద్దాయన. ఒకే రోడ్డు, ఒకే వేగం, ఒకే చోట ఫోను పెట్టి కొలిచిన అంకెలు నా దగ్గర ఉన్నాయని ఆయనతో వాదించలేదు. వాదించినా గెలిచేవాణ్ణి కాదు, అప్పటికి ఆ అంకెల అర్థం నాకే తెలియదు.

అర్థం తెలిసింది వాటిని ఒక కాగితం మీద వరసగా రాసినప్పుడు. వారాల తరబడి అంకె కదలకుండా ఉంది. కదిలిన రోజులన్నీ చక్రం విప్పి బిగించిన రోజులే. అంటించిన సీసం బిళ్ల బరువు తనంతట తాను మారదు. మారుతున్నది చక్రం కూర్చునే తీరు. ఆ ఆదివారం జాకీ ఎత్తి, ముందు ఎడమ చక్రాన్ని విప్పి, ఒక బోల్టు పక్కకు తిప్పి మళ్లీ బిగించాను. ఇంకేమీ ముట్టుకోలేదు. 44 ఉన్నది 29 అయింది. వెనక్కి వచ్చి చక్రం పూర్తిగా ఊడదీసి హబ్ వైపు చూశాను. సగం విరిగిన ప్లాస్టిక్ రింగు ముక్క ఒకటి మసితో నల్లబడి హబ్‌కు అతుక్కుని ఉంది. మిగతా సగం ఎక్కడ రాలిపోయిందో ఏమో.

నా హబ్ వ్యాసం 54.1 మి.మీ. అల్లాయ్ చక్రం నడిమి రంధ్రం 67.1. ఒకే చక్రం అనేక రకాల కార్లకు సరిపోవాలని రంధ్రాన్ని పెద్దదిగా చేసి, మధ్య ఖాళీని ఒక రింగుతో నింపుతారు. ఆ రింగు లేకపోతే చక్రాన్ని నట్లు ఒక్కటే నడిమికి లాగాలి, అవి ప్రతిసారీ ఒకేలా లాగవు. కారు బరువు సగం దిగాక బిగిస్తే మరీను. బ్యాలెన్సింగ్ మిషన్ మాత్రం చక్రాన్ని దాని నడిమి రంధ్రంలోకి శంకువు దూర్చి పట్టుకుంటుంది. అక్కడ నడిమి ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మిషన్ అబద్ధం చెప్పలేదు, నా హబ్‌ను అది చూడనే లేదు. టైరుతో కలిపి 16 కిలోలు ఉండే చక్రం 0.3 మి.మీ. పక్కకు జరిగితే, అది రిమ్ము అంచున 25 గ్రాముల బరువు తేడాతో సమానం. 30 గ్రాముల తేడా ఉంటే 100 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు అయిదు కిలోల బరువంత బలంతో ప్రతి చుట్టుకూ ఒకసారి లాగుతుంది. టైరు అంచు గుండ్రం తప్పడం దీనికి అదనం. అల్యూమినియం రింగులు తెప్పించి నాలుగు చక్రాలకూ వేశాక అంకె 6. మళ్లీ ఎన్నిసార్లు విప్పినా 5కూ 8కీ మధ్యే ఉంటోంది.

మరి యాప్ గొప్పదనం ఎంత? "చక్రం" అని మొదటి రోజే చెప్పింది. రింగు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఎడమదా కుడిదా అన్నది కూడా అది చెప్పలేదు, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కదా. తిరిగేది ఏదో చెబుతుంది, దానికి వచ్చిన జబ్బు ఏమిటో చెప్పదు. ఒక మిత్రుడి కారులో తప్పుదారి కూడా పట్టించింది. 60 వేగంలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే 26 దగ్గర కొండ లేచేది, పాదం తీస్తే కూలిపోయేది. చక్రం వేగానికి అది మూడు రెట్లు కాబట్టి యాప్ "టైరు" అని ముద్ర వేసింది. కొత్త టైర్లు వేసినా పోలేదు. మూడు రోలర్లు ఉండే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు అరిగితే సరిగ్గా అలాగే, చుట్టుకు మూడుసార్లు కుదుపుతుంది. తొక్కితే వచ్చి వదిలితే పోయేది టైరు ఎలా అవుతుందని నాకు తట్టి ఉండాల్సింది. గీత మీద నమ్మకం కొంచెం ఎక్కువైంది.

మొదట్లో ఇంకొక వింత జరిగింది. నా పాత ఫోను సెకనుకు వంద కొలతలే తీసేది. ఇంజన్ వేగం 2,000 నుంచి 2,200కు పెంచితే ఒక కొండ 33 నుంచి 27కు వెనక్కి నడిచింది! మౌంటు పోయిందని అనుకుని మార్పించబోయాను. నిజానికి అక్కడ జరిగింది సినిమాల్లో బండి చక్రం వెనక్కి తిరిగినట్లు కనిపించే మాయే. సెకనుకు వంద కొలతలతో 50 దాకానే నిజం తెలుస్తుంది. 67 దగ్గరి ఇంజన్ అదురు మడతపడి 33 దగ్గర, 73ది 27 దగ్గర తేలుతుంది. యాప్ ఈ హెచ్చరిక ఎక్కడా ఇవ్వదు. ఫోనును రబ్బరు స్టాండులో పెడితే స్టాండు సొంత ఊపు కూడా వచ్చి చేరుతుంది. వేగం మారినా కదలని కొండ కనబడితే అది తిరిగే వస్తువుది కాదని అనుకోవడం మేలు. నేను సీటు కింది ఇనుప పట్టాకు రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తున్నాను. బ్రేకు తొక్కినప్పటి అదురుకు ఇది పెద్దగా పనికిరాదు. వేగం దిగిపోతూ ఉంటే కొండ పలచబడి గ్రాఫంతా పరుచుకుంటుంది.

యాప్ అంకెలను దాచిపెడుతుందని పొగిడాను కదా, దాని మీదే పెద్ద కోపం కూడా. ఫోను మార్చినప్పుడు పద్నాలుగు నెలల రికార్డులు పాత ఫోనుతోనే పోయాయి. బయటికి తీసి దాచుకునే వీలు యాప్‌లో ఉందనుకున్నాను, లేదు. అప్పటికే ఫోను ఖాళీ చేసి ఇచ్చివేశాను. రింగు నాటి అంకెలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి దక్కాయి, ఆ కాగితాన్ని డాష్‌బోర్డు అరలో దాచింది మా ఆవిడ. అప్పటినుంచి ప్రతిసారీ తెర బొమ్మ తీసి పెట్టుకుంటున్నాను. అల్లాయ్ చక్రాల గురించి నేను చెప్పిన మంచి మాటలు విని వాటిని కొన్నవాళ్లు ఒకసారి రింగులు చూసుకోండి.

కొనాలా, ఫోనులో పెట్టుకోవాలా అంటే నా సంగతి చెప్పగలను. నాది ముందు చక్రాలతో నడిచే నాలుగు సిలిండర్ల కారు, రోజూ ఒకే నునుపు రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్లే ప్రయాణం, పక్కన ఓపికగా తెర చూసే మనిషి. ఈ మూడిటిలో చివరిది లేకపోతే వద్దంటాను, నడిపేవాడు గ్రాఫ్ చూడకూడదు. మూడు సిలిండర్ల కారు ఉన్నవాళ్లు యాప్‌లో ఆ సంఖ్య సరిచూసుకోండి, అక్కడ చుట్టుకు ఒకటిన్నర పేలుళ్లు. ఉన్నట్టుండి మొదలై నిమిషాల్లో పెరిగే అదురుకు మాత్రం ఏ యాప్ వద్దు, కారు పక్కకు ఆపి ముందు నట్లు చూడాలి.

పోయిన నెల టైర్లు మార్చాను. 100 వేగంలో 14 దగ్గర అంతా చదునుగా ఉంది. 29 దగ్గర మాత్రం, చుట్టుకు రెండుసార్లు లెక్కన, చిన్న దిబ్బ ఒకటి కనబడుతోంది. తొమ్మిది మిల్లీ జీ. చేతికి ఏమీ తెలియడం లేదు. టైరు దుకాణంలో ఇంకా చెప్పలేదు.