గొడవా, తగువా, వివాదమా: మినిట్స్‌లో ఏది రాయాలి?

మా అపార్ట్‌మెంట్‌లో 504 బాత్‌రూమ్ నుంచి 404 సీలింగ్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. రిపేరు ఖర్చు ఎవరిదన్న దాని మీద ఆదివారం మీటింగ్‌లో ఇద్దరూ గట్టిగానే అరుచుకున్నారు. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి మినిట్స్ రాయాల్సింది నేను. "404, 504 ఫ్లాట్ల మధ్య వివాదంపై చర్చ జరిగింది" అని రాసి సంతకాలకు తీసుకెళ్లాను. 404 ఆయనది తెనాలి. చదివి కళ్లజోడు తీసేశాడు. "వివాదం ఏంటండీ? నేనేమన్నా కోర్టుకెళ్లానా?" పైన ఆవిడది కరీంనగర్. "గింత దానికి అంత పెద్ద మాటెందుకన్నా? చిన్న పంచాయితీ, గంతే."

పుస్తకం ఇంటికి తెచ్చుకుని, ఏ మాటైతే ఇద్దరూ ఒప్పుకుంటారా అని కూర్చున్నాను.

నోటికి ముందొచ్చేది గొడవ. దీనితో చిక్కు ఏమిటంటే, పక్కనున్న క్రియే తప్పు ఎవరిదో చెప్పేస్తుంది. "గొడవ పడ్డారు" అంటే ఇద్దరికీ చెరిసగం. "గొడవ చేశాడు" అంటే తప్పు వాడిదే. "గొడవ పెట్టుకున్నాడు" అంటే పని గట్టుకుని మీదికి వెళ్లాడు. "గొడవైంది" అంటే ఎవరి తప్పూ లేదు, వానొచ్చినట్టు అదే వచ్చింది. చొక్కా చినిగి ఇంటికొచ్చిన కుర్రాడు "కాలేజీలో గొడవైందమ్మా" అంటాడు కానీ "గొడవ చేశాం" అనడు. పైగా కొట్లాటతో సంబంధం లేని గొడవ ఇంకోటుంది. "ఎవరి గొడవ వాళ్లది" అన్నప్పుడు అది సొంత ధ్యాస, సొంత బాధ. కాళోజీ తన కవిత్వానికి "నా గొడవ" అని పేరు పెట్టుకున్నారు. నాకైతే అందులో రెండూ వినిపిస్తాయి. మినిట్స్‌కి మాత్రం ఈ మాట పనికిరాదు. ఏ క్రియ రాసినా ఒకరు సంతకం పెట్టరు.

నాకు బాగా నచ్చింది తగువు. పాత తెలుగులో తగవు అంటే న్యాయం. "ఇది నీకు తగునా" అంటామే, ఆ తగునే. న్యాయం చెప్పేవాణ్ణి తగవరి అనేవారు. న్యాయం కోసం పెద్దల దగ్గరికి వచ్చేది పోట్లాడుకున్నవాళ్లే కదా, పోనుపోను న్యాయం పేరు పోట్లాటకే అంటుకుంది. తెలంగాణలో పంచాయితీకి జరిగిందీ అచ్చంగా ఇదే. అయిదుగురు కూర్చుని తీర్పు చెప్పే చోటు పేరు అది. ఇప్పుడు "వాళ్లిద్దరికీ పంచాయితీ అయింది" అంటే కొట్లాడుకున్నారని. గెట్టు పంచాయితీ అంటే పొలం హద్దు దగ్గరి కొట్లాట. పెద్దమనుషులు కూర్చుని ఆ పంచాయితీని తెంపుతారు. పై ఫ్లోర్ ఆవిడ మాటా, నాకు నచ్చిన మాటా ఒకే దారిన వచ్చినవని అప్పుడు తట్టింది.

ఆ గెట్టు పంచాయితీనే కోస్తాలో గట్టు తగాదా అంటారు. తగాదాది వేరే పుట్టుక. హిందీలో తగాదా అంటే ఇప్పటికీ బాకీ కోసం వెంటపడటమే. మన దగ్గర అప్పు పోయి అరుపు మిగిలింది. డబ్బు వాసన మాత్రం పోలేదు: అన్నదమ్ముల తగాదా అంటే ఆస్తి గురించా అని ఎవరూ అడగరు. "ఇది సివిల్ తగాదా, కోర్టులో చూసుకోండి" అని పోలీస్ స్టేషన్‌లో చెప్పించుకున్నవాళ్లకి ఆ మాట బరువు బాగా తెలుసు.

పేచీ మాత్రం ఒక్కరే పెట్టేది. ఫారసీలో పేచ్ అంటే మెలి. గాలిపటాల దారాలు ఒకదానికొకటి పెనవేసుకుంటే హిందీలో అదే మాట వాడతారు. అన్నీ కుదిరాక, పెళ్లి పందిట్లో మగపెళ్లివారు మెల్లిగా తీసేది పేచీ. ఈ మాట మినిట్స్‌లోకి ఎక్కిందంటే 404 ఆయన నాతో మాట్లాడటం మానేస్తాడు.

పత్రికల వాళ్లవి వేరే మెట్లు. వాగ్వాదం అంటే నోళ్లే లేచాయి, తోపులాట అంటే చేతులు కలిశాయి, ఘర్షణ అంటే ఆస్పత్రి ఖర్చు ఉంది. బళ్లో ఫిజిక్స్ మేష్టారు చెప్పిన ఘర్షణ ఇంత భయపెట్టేది కాదు. ఇక అభిప్రాయభేదాలు నాయకుల మాట. "మా మధ్య ఉన్నవి అభిప్రాయభేదాలే" అని ఎవరైనా అన్నారంటే, పార్టీ మారేదెప్పుడని అడుగుతారు జనం.

వివాదాన్నీ ఊరికే తీసెయ్యలేను. అది కాగితం మాట. దానికి ఫైలు నంబరు, మొదలైన తేదీ ఉంటాయి. ముగిసే తేదీ ఉండాలని లేదు. కృష్ణా నీళ్లే చూడండి. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కింద 1969లో బచావత్ ట్రైబ్యునల్ వేశారు. 1973లో తీర్పొచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 టీఎంసీలు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ 811లో ఎవరికెంతని మళ్లీ మొదలైంది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ప్రభుత్వ కాగితాల్లో ఇది జల వివాదం, హెడ్డింగుల్లో జల జగడం, టీ కొట్టు దగ్గర నీళ్ల పంచాయితీ. చివరిది విన్నప్పుడే, ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడితే తెగుతుందేమో అనిపిస్తుంది.

నేను తగువుకే ఓటేయడానికి కారణం కూడా ఇలాంటిదే. గొడవ సద్దుమణుగుతుంది, అంటే మళ్లీ లేవొచ్చు. పగ ఎవరికి వారే తీర్చుకుంటారు. తగువును మూడోవాడు తీరుస్తాడు. ఆ మూడోవాడు ఎలాంటివాడన్నది వేరే సంగతి. పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత ఊరికే రాలేదు. అయినా తీరుతుందన్న ఆశ ఆ మాటలోనే ఉంది. వివాదానికి పరిష్కారం కావాలి, పరిష్కారానికి కమిటీ కావాలి.

సాయంత్రం "404, 504 ఫ్లాట్ల మధ్య తగువు" అని దిద్ది మళ్లీ తీసుకెళ్లాను. "మినిట్స్‌లో తగువేంటండీ, మా అబ్బాయి చూస్తే నవ్వుతాడు" అన్నాడు కింద ఆయన. "అది మీ దిక్కు మాట కదన్నా" అంది పైన ఆవిడ. చివరికి "404 సీలింగ్ విషయం" అని రాశాను. చదవకుండానే ఇద్దరూ సంతకాలు పెట్టారు. ప్లంబర్ గురువారం వస్తానన్నాడు.