1215 నాటి మాట, 1354 నాటి మాట

అన్యాయంగా జైల్లో పెట్టకూడదన్న హామీ అనగానే అందరికీ మాగ్నా కార్టాయే గుర్తొస్తుంది. 1215 జూన్‌లో రన్నీమీడ్‌లో ఇంగ్లండ్ రాజు జాన్ ఒప్పుకున్న ఆ హక్కుల పత్రంలోని 39వ నిబంధన నిజంగా గొప్పదే. సాటివారి తీర్పు గానీ, దేశ చట్టం గానీ లేకుండా ఏ స్వతంత్రుడినీ పట్టుకోకూడదు, బంధించకూడదు అంటుంది. కానీ ఆ 'స్వతంత్రుడు' దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ప్రభువు భూమికి కట్టుబడి బతికే రైతులు ఆ రోజుల్లో ఎందరో! వాళ్లకు ఇందులో చోటు లేదు. పైగా రెండు నెలలకే పోప్ మూడో ఇన్నోసెంట్ ఆ పత్రాన్నే రద్దు చేశాడు, తర్వాతి రాజుల కాలంలో అది మళ్లీ వచ్చిందనుకోండి.

1354లో, ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ కాలంలో వచ్చిన చట్టం 'ఏ స్థితిలో ఉన్నవాడినైనా సరే' అంది. డ్యూ ప్రాసెస్ ప్రకారం, అంటే చట్టం చెప్పిన సరైన పద్ధతిలో, జవాబు చెప్పుకోనివ్వకుండా జైల్లో వేయకూడదంది. పేరు మొదటిదానికే వచ్చినా, నేను మాత్రం రెండోదాని వైపే.