ఫుల్వియా కూపే కోసం ట్యూరిన్, బొలోన్యా: ముందు చూపు, తర్వాత బేరం

ఇటాలియన్ పాతకారు లాన్చా ఫుల్వియా కూపే కొనాలని ఇటలీ వెళ్లేవాళ్లలో చాలామంది నేరుగా బొలోన్యా పాతకార్ల సంతలో దిగుతారు. ముందు ట్యూరిన్‌లో రెండు రోజులు ఉండి అసలు బండ్లు ఎలా ఉంటాయో కంటికి అలవాటు చేసుకోవాలి. అందులో 1.6 లీటర్ల ఇంజనున్న పోటీల రకం ‘1.6 హెచ్‌ఎఫ్’ మొదటి సిరీస్ మీద మనసుంటే ఇది తప్పనిసరి. లోపలి జత హెడ్‌లైట్లు పెద్దవి కాబట్టి దాన్ని ఇటాలియన్లు ‘ఫనలోనే’ అంటారు. లక్షకు పైగా తయారైన ఫుల్వియా కూపేల్లో ఇవి దాదాపు 1,250 మాత్రమే. మామూలు 1.3 లీటర్ల ఫుల్వియా కన్నా దీని ధర ఎన్నో రెట్లు ఎక్కువ. నకిలీలు పుట్టేదీ అందుకే.

ట్యూరిన్‌లో ఒక్కచోటికే వీలుంటే మీరాఫియోరి ఫ్యాక్టరీ ఆవరణలోని హెరిటేజ్ హబ్‌కు వెళ్లండి. 2019లో తెరిచారు. ఫియట్, లాన్చా, అబార్త్, ఆల్ఫా బండ్లు 250కి పైగా ఒకే షెడ్డులో వరసగా ఉంటాయి. ముందే బుక్ చేసుకున్న గైడెడ్ టూర్‌లోనే లోపలికి వెళ్లగలం. ప్రదర్శనలో బండ్లు మారుతుంటాయి కాబట్టి ఫుల్వియా ఉందో లేదో బుకింగ్ అప్పుడే అడగాలి. ఆటోమొబైల్ మ్యూజియం చరిత్రకు గొప్పది. కానీ కొనబోయేవాడికి కావలసింది బండి అడుగుభాగం, అది అక్కడ కనిపించదు. ఒక పూట చాలు.

బసకు రెండు దారులున్నాయి. లింగోట్టోలో పాత ఫియట్ ఫ్యాక్టరీలోనే హోటళ్లున్నాయి. మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు, మిద్దె మీద పాత టెస్ట్ ట్రాక్ చూడొచ్చు. పక్క హాళ్లలో ఎగ్జిబిషన్ ఉన్న వారం మాత్రం అద్దెలు పెరిగిపోతాయి, సాయంత్రం చుట్టుపక్కల సందడీ ఉండదు. పోర్తా నువోవా స్టేషన్ దగ్గర సాన్ సల్వారియోలో దిగితే తిండికి కరువుండదు, లింగోట్టోకు మెట్రో నేరుగా ఉంది. మా ఓటు దానికే. శాకాహారులు ‘ఫరినాతా’ అడగండి: శనగపిండి, నీళ్లు, నూనెతో పొయ్యిలో కాల్చిన అట్టు. ‘అన్యొలోత్తి’ (లోపల కూర పెట్టిన పాస్తా)లో మాత్రం సాధారణంగా మాంసం ఉంటుంది. సిటీ ట్యాక్స్ గది అద్దెలో కలవదు, హోటల్లో విడిగా కట్టాలి. కొన్న బండితో తిరిగి వచ్చేటప్పుడు నగరం మధ్యలోని ‘జడ్‌టీఎల్’ (వాహనాల రాకపై ఆంక్షలున్న ప్రాంతం) బోర్డులు దాటకండి, కెమెరా జరిమానా వేస్తుంది.

బొలోన్యాలో ఏటా అక్టోబరులో ‘ఆటో ఎ మోటో దెపోకా’ అనే పాత కార్లు, మోటార్‌సైకిళ్ల సంత జరుగుతుంది. 2023లో పాదువా నుంచి ఇక్కడికి మారింది. ఆ వారం నగరంలో గది దొరకడమే కష్టం. మోదెనాలో దిగి ప్యాసింజర్ రైల్లో రావడం నయం. విడిభాగాలు కావాలంటే మొదటిరోజు పొద్దున్నే వెళ్లాలి. బండి బేరానికి చివరిరోజు మధ్యాహ్నం మేలు, అమ్మేవాడు దాన్ని మళ్లీ ట్రక్కు ఎక్కించుకుని పోవడానికి ఇష్టపడడు.

బండి దగ్గరికి టార్చి, చిన్న అయస్కాంతం, మోకాళ్ల కింద వేసుకోవడానికి గోనెపట్టా తీసుకెళ్లండి. పెయింటు మెరుపును వదిలేసి ముందు కిందికి దూరండి. ఫుల్వియాలో ఇంజను, గేరుబాక్సు, ముందు సస్పెన్షన్ మొత్తం ఒక సబ్‌ఫ్రేమ్ (విడి ఉక్కు చట్రం) మీద కూర్చుంటాయి. అది బాడీకి బోల్టులతో బిగుస్తుంది. వెనక బోల్టులు పట్టే చోట తుప్పు తిన్నదంటే ఇంజనుతో సహా సబ్‌ఫ్రేమ్ దించనిదే సరైన వెల్డింగు కుదరదు. పైపైన రేకు అతికించి నల్లటి అండర్‌కోటింగ్ (అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత) పూసిన బండ్లు చాలా ఉంటాయి. కొత్త అండర్‌కోటింగ్ ఒక్కచోటే కనిపిస్తే ఆ బండి వదిలేయండి. తర్వాత తలుపుల కింద సిల్‌లు, వెనక కమాన్ పట్టీల ముందు కొక్కేలు, డిక్కీ అడుగు చూడాలి.

ఫనలోనేలో తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం, అయస్కాంతం అంటుకోదు. అయితే 1.3 హెచ్‌ఎఫ్‌లోనూ అంతే కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. ఉక్కు చట్రం, అల్యూమినియం రేకు తాకేచోట తేమ చేరితే తెల్లటి పొడి రాలుతుంది, అంచులు ఉబ్బుతాయి. ఛాసిస్ మీద, ఇంజను మీద 818.540 టైపు నంబరు ఉండాలి; 818.740 కనిపిస్తే అది రెండో సిరీస్. ఇంజను 1,584 సీసీ, ఇరుకు కోణపు వీ4, రెండు సోలెక్స్ 42 కార్బ్యురేటర్లు, అయిదు గేర్లు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలని పట్టుబట్టండి, ముందే వేడిచేసి ఉంచితే టైమింగ్ చైన్ చప్పుడు పట్టుకోలేం. ఏళ్లుగా కదలని బండిలో డన్‌లప్ కాలిపర్ పిస్టన్లు బిగుసుకుపోతాయి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగాలి.

కాగితాల్లో తేడా తెలుసుకోండి. కంపెనీ హెరిటేజ్ (పాత బండ్ల) విభాగం ఇచ్చే ‘సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్’ కంపెనీ పాత రికార్డుల నుంచి తీసి రాసిచ్చేది. ఆ ఛాసిస్ నంబరుతో ఏ బండి తయారైందో చెబుతుంది, మీ ఎదుట ఉన్నది అదేనని చెప్పదు. బండిని దగ్గరుండి పరీక్షించి ఇచ్చే ‘సర్టిఫికేషన్ ఆఫ్ అథెంటిసిటీ’ వేరు, దానికి ఖర్చూ సమయమూ ఎక్కువే. ఫనలోనేకైతే రెండోదానికి పెట్టే డబ్బు వృథా కాదు. మామూలు 1.3 రాల్యే రకానికి మొదటిది చాలు, మిగిలిన డబ్బు సబ్‌ఫ్రేమ్ పనికి దాచుకోండి.