ప్రదర్శిని కొత్త అచ్చు: కొనే ముందు చుక్కలు చూసుకోండి

మా గురువుగారి దగ్గర కర్ణాటక సంగీత కృతులను స్వరాలతో సహా ఇచ్చే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గ్రంథం పాత ప్రతి ఉండేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, పేజీ ఆయనే తిప్పేవారు. ఆ పాత పేజీలకే ఫోటోలు తీసి మళ్లీ అచ్చేసిన సంపుటాలు దొరుకుతున్నాయని తెలిసి, వెనకాముందు చూడకుండా తెప్పించేశాను.

కాగితం మంచిది, అట్ట గట్టిది. పొగడ్త ఇంతే.

1904లో తమిళనాడులోని ఎట్టయపురంలో, ముత్తుస్వామి దీక్షితుల వంశంవారైన సుబ్బరామ దీక్షితులు దీన్ని తెలుగులో అచ్చు వేయించినప్పుడు స్వరాలు మాత్రం రాసి ఊరుకోలేదు. ప్రతి స్వరాన్నీ ఎలా పలికించాలో, అంటే ఊపడం, జార్చడం లాంటి గమకాలకు, గుర్తులు పెట్టారు. అలలా ఉన్న గీత కంపితం. ఏటవాలు గీత జారు. మూడు చుక్కలు స్ఫురితం, అవే తలకిందులైతే ప్రత్యాహతం. ఒక మెట్టు మీదే తీగ లాగి పై స్వరం రాబట్టమనడానికి ఇంటూ గుర్తు. వీణ చేతిలో ఉన్నవాళ్లకు ఇదంతా ప్రాణం. వంశం సొత్తును ఇలా బయటపెట్టించడానికి సంగీతాభిమాని చిన్నస్వామి మొదలియారు ఎట్టయపురం రాజావారి దాకా వెళ్లాల్సి వచ్చింది. అంత కష్టపడి పెట్టిన గుర్తులు ఈ అచ్చులో అలుక్కుపోయాయి.

మొన్న మా శిష్యురాలు మాయామాళవగౌళ కృతి వాయిస్తూ, మంద్ర నిషాదానికి, అంటే కింది స్థాయి ‘ని’కి, దిగాల్సిన చోట పైకి ఎగిరింది. “ఇదేమిటే?” అన్నాను. “కింద చుక్క లేదు టీచర్” అంది. నిజమే, కింది స్థాయి అని చెప్పే ఆ చుక్క లేదు. నా ఫోన్లో ఉన్న పాత ప్రతి స్కాన్ పెద్దది చేసి చూస్తే నిక్షేపంలా ఉంది!

ఏ ప్రతికి ఫోటోలు తీశారో ఎక్కడా చెప్పలేదు. శాలువాలు కప్పించుకున్నవారి ఫోటోలకు మాత్రం నాలుగు పేజీలు దొరికాయి. వాటి బదులు ఒక్క రాగసూచిక వేసినా దణ్ణం పెట్టేదాన్ని. ఈ గ్రంథం కనకాంబరితో మొదలయ్యే 72 మేళాల (మూల రాగాల) వరసలో నడుస్తుంది. 22వ మేళం దగ్గర ఇప్పుడు వాడే పేరుతో ఖరహరప్రియ కోసం వెతికే పిల్లలకు అక్కడ శ్రీరాగం ఎదురవుతుంది. 65లో కల్యాణి పేరు శాంతకల్యాణి. తెలిసినవాళ్లకు పరవాలేదు, కొత్తవాళ్లకు అడవే.

సాహిత్యం చదువుకోవడానికైతే కొనండి, అక్షరాలు బాగానే ఉన్నాయి. వాయించడానికైతే వద్దు. తిరిగి తీసుకోమంటే ఆ ప్రచురణకర్త ఒప్పుకోలేదు. అందుకని రోజూ రాత్రి స్కాన్ పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టుకుంటున్నాను. 15వ మేళం నడుస్తోంది.