‘మందుల్లేని కోడి’, ఎంవీపీ కాలనీ: ఐదుకి మాంసానికి నాలుగు మార్కులు, బోర్డుకి రెండు

విశాఖ ఎంవీపీ కాలనీలో ఈ చికెన్ షాపు బోర్డు మీద ‘మందుల్లేని కోడి’ అని ఉంది, అంటే యాంటీబయోటిక్ లేకుండా పెంచిన కోడి అని. ముక్క తాజాగా ఉంది, కొట్టడం శుభ్రం. ధర మామూలు బ్రాయిలర్ కంటే ఎక్కువే. గోడకి తగిలించిన ల్యాబ్ రిపోర్టు మాత్రం జాగ్రత్తగా చదవండి. మాంసంలో మందు అవశేషాలు లేవనే అందులో ఉంది. కోసే ముందు కొన్ని రోజులు మందు ఆపేసినా ఆ రిపోర్టు వస్తుంది. అంతకుముందు రోజూ దాణాలో యాంటీబయోటిక్ కలిపారా అన్నది అది చెప్పదు. మందుకి లొంగని బ్యాక్టీరియా పెరగడానికి ఆ అలవాటు ఒక ముఖ్య కారణం.

అడగాల్సినవి వేరే: బ్యాచ్ నంబరు, టీకాల తేదీలు, దాణా సంచి లేబుల్, పశువైద్యుడి చీటీ. బ్యాచ్ నంబరు వెంటనే చెప్పారు. దాణా లేబుల్ అంటే నవ్వి ఊరుకున్నారు. ఎక్కడైనా కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ పేరు కనబడితే కొనకండి, మన దేశంలో కోళ్లకి, పశువులకి, చేపలకి 2019లోనే నిషేధించారు. జబ్బు చేసిన కోడికి డాక్టరు రాసిన మందు వేయడం తప్పు కాదు. జబ్బు రాకుండానే మందు మేపడం తప్పు.

షెడ్డు గురించీ అడగండి. విశాఖ ఉక్కకి కింద పరిచిన ఊక త్వరగా తడుస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది, కోళ్లకి ఊపిరితిత్తుల జబ్బులు మొదలవుతాయి. గాలి ఆడని షెడ్డువాడికి ఇక మందే దిక్కు. ఇంట్లో మాత్రం ఈ కోడినీ కుళాయి కింద కడగొద్దు, నీళ్లు చింది బ్యాక్టీరియా చుట్టూ అంటుకుంటుంది; కత్తిపీట వేరుగా పెట్టుకోండి.