హైవే అథారిటీ "అప్రూవ్డ్ వెండర్" ప్యాకేజీ అమ్ముతున్నారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సైన్ బోర్డులు, డెలినియేటర్లు (రోడ్డు అంచు చూపే రిఫ్లెక్టర్ స్తంభాలు), క్రాష్ బ్యారియర్ (రోడ్డు పక్కన ఉండే ఇనుప రెయిలింగ్) బోల్టులు, రోడ్డు మార్కింగ్ పెయింటు లాంటివి తయారుచేసే చిన్న యూనిట్లకు ఈ మధ్య ఏజెంట్ల నుంచి వరసగా ఫోన్లు వస్తున్నాయి. "మీ కంపెనీని నేషనల్ హైవేస్ అథారిటీలో అప్రూవ్డ్ వెండర్‌గా ఎక్కిస్తాం సార్, ఆ తర్వాత ఆర్డర్లు వాటంతటవే వస్తాయి" అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో మాదీ అలాంటి యూనిట్టే. మా దగ్గర 72,500 రూపాయలు తీసుకున్నారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఎలాగూ ఇలాంటివాళ్లు బోర్డు మార్చి ఇంకో పేరుతో దిగుతారు, కాబట్టి మీరు పట్టుకోవాల్సింది పద్ధతిని.

ముందు వాళ్లిచ్చిన బిల్లు సంగతి. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్‌కి 6,500, జెమ్ పోర్టల్‌కి (ప్రభుత్వ శాఖలు సరుకు కొనే సైటు) 9,000, డిజిటల్ సిగ్నేచర్‌కి (ఆన్‌లైన్ టెండర్ల మీద పెట్టే సంతకం) 7,000, మిగిలిన 50,000 "ఎంప్యానెల్‌మెంట్ (జాబితాలో చేర్చడం) గవర్నమెంట్ ఫీజు" అని ఒకే లైను. ఉద్యమ్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ పక్కన పెట్టుకుని కూర్చుంటే మనమే చేసుకోవచ్చు. జెమ్‌లో సెల్లర్‌గా చేరడానికీ రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, 2025లో తీసేసేదాకా టర్నోవర్‌ని బట్టి కాషన్ డిపాజిట్ అని ఒకటి ఉండేది గానీ అదీ పోర్టల్‌కే కట్టేవాళ్లం, మధ్యవాడికి కాదు. క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్‌కి మాత్రం డబ్బు అవుతుంది, అయితే బయట ఇందులో సగానికి కూడా అవదు. ఇక ఆ యాభై వేలకు రసీదు అడిగితే "అది డిపార్ట్‌మెంట్ లోపల కట్టేది సార్, రసీదు రాదు" అన్నాడు ఆ ఏజెంటు. గవర్నమెంట్ ఫీజుకి రసీదు రాకపోవడం ఏమిటో!

సర్టిఫికెట్ మాత్రం పెళ్లి శుభలేఖలా పంపించాడు, మందపాటి కాగితం, బంగారు అంచు, పైన నాలుగు సింహాలు, మూలన హోలోగ్రాం, కింద క్యూఆర్ కోడ్. ఆ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ సైటు తెరుచుకోలేదు, ఎవరిదో గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన అదే సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చింది. సంతకం ఉంది, సంతకం కింద హోదా ఉంది, అధికారి పేరు లేదు.

అసలు విషయం ఏంటంటే, కొత్త రోడ్డు ప్యాకేజీల్లో (ముక్కలుగా విడగొట్టి టెండర్ పిలిచే రోడ్డు పనుల్లో) హైవే అథారిటీ మనలాంటివాళ్ల దగ్గర విడిగా బోర్డులు కొనదు. ప్యాకేజీ మొత్తాన్ని ఈపీసీ (డిజైన్ నుంచి నిర్మాణం దాకా ఒకరికే ఇచ్చే కాంట్రాక్టు) అనో హ్యామ్ (కొంత డబ్బు కంపెనీ పెట్టి, తర్వాత విడతల్లో తీసుకునే పద్ధతి) అనో ఒక పెద్ద కంపెనీకి ఇస్తుంది, బోర్డులు, బ్యారియర్లు, మార్కింగ్ అన్నీ ఆ కాంట్రాక్టులోనే ఉంటాయి. అంటే మన కస్టమర్ ఆ కాంట్రాక్టరు. అతను మన సరుకు కొనాలంటే మన ఫ్యాక్టరీ వివరాలు, టెస్ట్ రిపోర్టులు సైట్‌లో ఉండే అథారిటీ ఇంజనీర్‌కి (హ్యామ్ పనుల్లో అయితే ఇండిపెండెంట్ ఇంజనీర్‌కి) పంపి సోర్స్ అప్రూవల్ (ఈ ఫ్యాక్టరీ సరుకు వాడొచ్చని అనుమతి) తీసుకుంటాడు. ఆ ఇంజనీర్ చూసేది కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో 800 సెక్షన్, సైన్ బోర్డులకు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం 67, మార్కింగ్‌కి ఐఆర్‌సీ 35. రిఫ్లెక్టివ్ షీట్ ఏ టైపు, వారంటీ ఎవరిస్తున్నారు, జింక్ పూత ఎంత మందం, ఇవే అడుగుతారు. బంగారు అంచు కాగితం తీసుకెళ్తే నవ్వుతారు.

ఆ యాభై వేలు టెస్టింగ్ ల్యాబ్‌లో పెట్టి ఉంటే పని జరిగేది. ఏ ప్యాకేజీ ఎవరికొచ్చిందో తెలుసుకోవడానికి ఏజెంటు అక్కర్లేదు, హైవే అథారిటీ టెండర్లు కేంద్ర ఈ-టెండర్ పోర్టల్‌లో ఉంటాయి, పని మొదలయ్యాక రోడ్డు పక్కన పెట్టే బోర్డు మీద కాంట్రాక్టరు పేరు ఉంటుంది. నేరుగా క్యాంప్ ఆఫీసుకి వెళ్లి పర్చేజ్ వాళ్లను కలవండి, శాంపిల్ ఇవ్వండి. రాష్ట్ర ఆర్ అండ్ బీ పనులైతే ఏపీ, తెలంగాణ రెండింటికీ వేర్వేరు ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్లున్నాయి. అక్కడ క్లాసుల వారీగా కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ ఉండేది నిజమే, కానీ అది పని చేసేవాళ్లకు, సరుకు అమ్మేవాళ్లకు కాదు. ఏజెంట్లు ఈ రెండిటినీ కావాలనే కలిపేసి మాట్లాడతారు.

ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) పేరుతో ఇంకో వల ఉంది. "టెండర్ వేశాం, ఈఎండీ మా అకౌంట్‌లో వేయండి, మేం కడతాం" అని అడుగుతారు. ఒక్క రూపాయి కూడా వేయొద్దు. ఈఎండీ పోర్టల్ ద్వారానో, బ్యాంక్ గ్యారంటీగానో అథారిటీ పేరు మీదే వెళ్తుంది. పైగా కేంద్ర సంస్థలు సరుకు, సేవల కోసం పిలిచే టెండర్లలో ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఈఎండీ మినహాయింపు ఉంది. కొని అమ్మే ట్రేడర్లకు, నిర్మాణ పనుల టెండర్లకు ఇది వర్తించదని గుర్తుపెట్టుకోండి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది డబ్బు కాదు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (సంతకం దాచి ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది). "మా దగ్గరే ఉంచండి సార్, టెండర్లు వేయడానికి ఈజీ" అని పట్టుకుపోయాడు. పోర్టల్ రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు, మెయిల్ కూడా వాళ్లవే పెట్టారు. అది చేతిలో ఉంటే మన పేరుతో ఏ రేటుకైనా బిడ్ వేయొచ్చు, వెనక్కి తగ్గితే బ్లాక్‌లిస్ట్ అయ్యేది మన కంపెనీ. టోకెన్ తిరిగివ్వకపోతే వాదన పెట్టుకోకుండా, జారీ చేసిన సంస్థకు రాసి ఆ సర్టిఫికెట్ రద్దు చేయించండి. మేం అదే చేశాం. ఆ తర్వాత పోర్టల్‌లో నంబరు, మెయిల్ మార్పించుకోవడానికే ఎక్కువ తిప్పలు పడ్డాం.

కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్దామంటే వ్యాపారం కోసం కొన్న సేవ కదా అని అడ్డం పడతారు, అందుకని మేం పోలీసు ఫిర్యాదే ఇచ్చాం. ఆన్‌లైన్‌లో డబ్బు పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మొదటి విడత ఇప్పటికే కట్టేసినవాళ్లుంటే, రెండోది అడిగినప్పుడు ఒకటే అడగండి: ఆ సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి పేరు, ఆఫీసు, ఫైల్ నంబరు మెయిల్‌లో రాసి పంపమనండి. మేం అడిగిన రోజు నుంచి అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.