మా మనవరాలి డేకేర్, గోడకి వేలాడిన ఒక్క టవల్

ఐదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. సెప్టెంబరులో రాసి ఉంటే రెండు కూడా ఇచ్చేదాన్ని కాదు. మధ్యలో ఏం జరిగిందో పూర్తిగా రాస్తాను. చిన్నపిల్లల్ని ఏ డేకేర్‌లో వేసినవాళ్లకైనా ఇది రేపో మాపో ఎదురయ్యే విషయమే.

మాది గజపతినగరం దగ్గర పల్లె. అంగన్‌వాడీ కార్యకర్తగా ఇరవై ఏడేళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకు రోజూ రైల్లో విశాఖ వెళ్లి వస్తాడు, కోడలిది బ్యాంకు ఉద్యోగం. మనవరాలికి మూడేళ్లు. మోకాలి ఆపరేషన్ అయ్యాక దాని వెనక పరిగెత్తడం నా వల్ల కావడం లేదు. పైగా మా అపార్ట్‌మెంట్‌లో దాని ఈడు పిల్లలు లేరు. అందుకని జూన్‌లో ఈ డేకేర్‌లో వేశాం. నెలకి నాలుగు వేలు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకు చూసుకుంటారు.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. గేటు ఎప్పుడూ వేసే ఉంటుంది, మనం వెళ్తే ఎవరో చూసి గుర్తుపట్టాకే తీస్తారు. ఇంటి నుంచి పంపిన చోడి జావ, పప్పన్నం ఓపిగ్గా తినిపిస్తారు. బాత్రూములు చెప్పకుండా వెళ్లి చూశాను, శుభ్రంగానే ఉన్నాయి. అక్కడ పనిచేసే ఆయమ్మ బంగారం లాంటి మనిషి. రెండు వారాలు తిరక్కుండానే మా పిల్ల పొద్దున్నే చెప్పులు తనే వేసుకుని గుమ్మంలో నిలబడేది.

ఆగస్టు నెలాఖరు నుంచి రాత్రిళ్లు దానికి నిద్ర పట్టడం మానేసింది. పడుకున్న రెండు గంటలకి లేచి కూర్చుని వెనక గోక్కోవడం, ఏడవడం. "ఏటమ్మా, ఏటైంది?" అంటే "కుడుతోంది నానమ్మా" అనేది. చీమేదో కుట్టిందనుకుని కోడలు పక్కబట్టలన్నీ దులిపింది. (అలా దులపకూడదని తర్వాత తెలిసింది.) కొబ్బరినూనె రాశాం. పక్కింటావిడ తీపి ఎక్కువ తింటోందని, బెల్లం ముక్క మానిపించమని చెప్పింది. తీపికీ పురుగులకీ సంబంధం లేదని నేను ఊళ్లో తల్లులకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అదే మాట మా ఇంట్లోనే మళ్లీ వినాల్సి వచ్చింది.

మూడో రాత్రి నాకు అనుమానం వచ్చింది. పదకొండు గంటలప్పుడు పిల్ల మంచి నిద్రలో ఉండగా కోడల్ని ఫోన్ లైటు పట్టుకోమని, పిల్లని మెల్లగా బోర్లా తిప్పి చూశాను. మలద్వారం చుట్టూ మూడు తెల్లటి దారం ముక్కలు. ఒక్కోటి నా చిటికెన వేలి గోరంత పొడవు, కొస సూదిలా సన్నగా ఉంది. లైటు పడగానే ఒకటి మెలి తిరిగింది. కోడలి చేతిలో ఫోను వణికింది. "అత్తయ్యా, పిల్లకి ఏమవుతుంది?" అని అక్కడే ఏడ్చేసింది. ఏం కాదమ్మా, ఇవి నులిపురుగులు, మందుకి పోతాయి అన్నాను. అన్నాను గానీ ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. నేను సేవ చేసిన సెంటర్లో ఎన్ని వందల మంది పిల్లల చేత పురుగుల మాత్ర నమిలించానో, మా ఇంటి పిల్లకి మాత్రం వేయించలేదు.

తెల్లారాక పిల్లకి నీళ్లు పోయకముందే, పారదర్శకంగా ఉండే టేపు ముక్క ఆ చోట అద్ది తీసి, గాజు పలక మీద అంటించి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కడిగేశాక అయితే గుడ్లు దొరకవు, అందుకే పొద్దున్నే తీయాలి. డాక్టరమ్మ చూసి అవే అన్నారు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆడపురుగు బయటికి వచ్చి అక్కడి చర్మం మీద వేల కొద్దీ గుడ్లు పెడుతుంది. దురద దానివల్లే. పిల్ల గోక్కుంటుంది, గుడ్లు గోళ్లలోకి వెళ్తాయి, ఆ వేలు నోట్లోకి పోతుంది. పక్కవాళ్ల బొమ్మకీ, దుప్పటికీ, చాపకీ అంటుతాయి. పెట్టిన కొన్ని గంటల్లోనే ఆ గుడ్లు ఇంకొకరికి అంటుకునేలా తయారైపోతాయి, ఇంట్లో రెండు మూడు వారాలు బతికే ఉంటాయి. కంటికి మాత్రం కనపడవు.

ఇక్కడ నాకు తెలియనిది ఒకటి నేర్చుకున్నాను. మేం సెంటర్లలో మాత్ర వేసేది ముఖ్యంగా మట్టి వల్ల వచ్చే ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటి కోసం. చెప్పుల్లేకుండా తిరిగితే, బహిర్భూమికి బయటికి వెళ్తే వస్తాయని చెప్పేవాళ్లం. ఈ సన్నటి పురుగులకి మట్టితో పని లేదు. టైల్స్ వేసి, ఏసీ పెట్టిన గదిలో కూడా చేతి నుంచి చేతికి పాకుతాయి. కుక్కల వల్లా పిల్లుల వల్లా రావు, మనిషి నుంచి మనిషికే. అందుకే పిల్లకి వచ్చిందంటే తల్లి సరిగ్గా కడగలేదనుకోవడం పొరపాటు. మా కోడలు వారం రోజులు తలెత్తుకోలేకపోయింది. అంత అవసరం లేదు.

ఆల్బెండజోల్ రాశారు. పిల్లకి సిరప్, మా ముగ్గురికీ మాత్ర, ఒకే రోజు. సరిగ్గా రెండు వారాలకి ఇంకో డోసు. మందు పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్లని చంపదు. మిగిలిన గుడ్లు పొదిగి పురుగులయ్యేసరికి రెండో డోసు పడాలి. చాలామంది దురద తగ్గిందని రెండోది వదిలేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ మొదలు. పిల్లకి ఎంత పట్టాలన్నది వయసు చూసి డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపులో అడిగి వేసేయకండి.

మందుతో పాటు ఇంట్లో పని కూడా ఉంది. పొద్దున్న లేవగానే పిల్లకి స్నానం, రాత్రి పెట్టిన గుడ్లు దాంతో పోతాయి. గోళ్లు బాగా కురచగా కత్తిరించడం. దుప్పట్లు, లోదుస్తులు దులపకుండా చుట్టి తీసుకెళ్లి వేడి నీళ్లలో ఉతకడం. చిన్నప్పుడు మా అమ్మ నెలకోసారి ఆముదం పట్టించేది, ముక్కు మూసుకుని తాగేవాళ్లం. ఈ కాలంలో ఇంత తేలికైన మందు ఉంది కదా అనిపించింది.

రెండు డోసులూ అయ్యాయి. పది రోజులు పిల్ల హాయిగా పడుకుంది. పదకొండో రోజు రాత్రి మళ్లీ లేచి కూర్చుంది.

అప్పుడు డేకేర్ వైపు చూశాను. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టే టైముకి వెళ్లాను. పద్నాలుగు మంది పిల్లలు, తొమ్మిది చాపలు. ఏ చాప ఎవరిదన్నది లేదు, ఇవాళ ఒకళ్లు పడుకున్న దాని మీద రేపు ఇంకొకరు. చేతులు కడిగే చోట గోడకి మేకు, మేకుకి నీలం రంగు టవల్ ఒకటి. ముట్టుకుంటే తడిగా, ఒక మూల బిరుసుగా ఉంది. నా కళ్ల ముందే నలుగురు పిల్లలు వరసగా దానికే చేతులు తుడుచుకుని వెళ్లారు. సబ్బు పెట్టె ఖాళీ. దాని పక్కన శానిటైజర్ సీసా నిండుగా ఉంది. అన్నం ముందు అదే రాస్తామని చెప్పారు. ఈ గుడ్లు శానిటైజర్‌తో చావవు. సబ్బు పెట్టి రుద్ది కడిగితేనే పోతాయి.

డేకేర్ నడిపే మేడమ్‌తో మాట్లాడాను. ఆవిడ మర్యాదగానే అన్నారు గానీ ఆ మాట నా మనసులో గుచ్చుకుంది: "పెద్దమ్మగారూ, మా దగ్గర ఇంకెవరికీ లేదండీ. మీ ఇంటి నుంచే వచ్చి ఉంటుంది." మిగతా తల్లిదండ్రులకి చెప్పమని అడిగితే, చెబితే పిల్లల్ని మాన్పించేస్తారని భయపడ్డారు. ఆగస్టులో నులిపురుగుల మాత్ర వేయించారా అని అడిగాను. మాకెవరూ చెప్పలేదన్నారు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం చేస్తున్నారు, ఆగస్టులో ఇంకో విడత ఉంటుంది. ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ల వరకు అందరికీ. రెండేళ్లు నిండని వాళ్లకి సగం మాత్ర, పైవాళ్లకి పూర్తి మాత్ర. చిన్నవాళ్లకి పొడి చేసి పెడతాం, పెద్దవాళ్లు మా ముందే నమలాలి. ఆ రోజు జ్వరమో జబ్బో ఉన్న పిల్లలకీ, రాని పిల్లలకీ తర్వాత ఇంకో రోజు వేస్తాం. మా రిజిస్టర్లో పేరున్న పిల్ల తప్పిపోతే ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చేదాన్ని. కానీ డేకేర్ పిల్ల అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉండదు, బడి హాజరు పట్టీలోనూ ఉండదు. తల్లి ఆఫీసులో ఉంటుంది, పిల్ల నాలుగు గోడల మధ్య ఉంటుంది. బడికీ సెంటర్‌కీ వెళ్లని పిల్లకైనా దగ్గర్లోని అంగన్‌వాడీలో ఆ మాత్ర ఉచితంగా వేస్తారు. తీసుకెళ్లే మనిషి ఉండాలి, అంతే. మా ఇంట్లో ఆ మనిషిని నేనే, నేనే తీసుకెళ్లలేదు.

మేడమ్ దగ్గర నుంచి బయటికి వస్తుంటే ఆయమ్మ గేటు దాకా వచ్చింది. "అప్పా, ఇంకో ఇద్దరు గుంటలు కూడా గోక్కుంటన్నారు. నేను చెప్తే ఎవులు వింటారు?" అంది. రోజూ పిల్లల్ని కడిగేది ఆవిడే, ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? మర్నాడు మా డాక్టరమ్మ చేత ఒక కాగితం మీద రాయించుకుని మళ్లీ వెళ్లాను. పిల్లని మాన్పించాల్సిన పని లేదు, మందు పడితే మర్నాడే పంపొచ్చు, కాకపోతే అందరూ ఒకేసారి వేసుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది అని అందులో ఉంది. మేడమ్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మెసేజ్ ఎలా పెట్టాలో మీరే చెప్పండి పెద్దమ్మగారూ" అన్నారు.

ఇక్కడి నుంచి ఆవిడ చేసింది చూసే నేను నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ సాయంత్రమే అందరికీ మెసేజ్ వెళ్లింది. ఏ పిల్ల పేరూ లేదు. "మన పిల్లల్లో కొందరికి నులిపురుగులు కనిపించాయి, ఇది చిన్నపిల్లల్లో మామూలే, సిగ్గుపడాల్సింది కాదు, మీ డాక్టర్ని అడిగి శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ మందు వేసుకోండి, రెండు వారాలకి మళ్లీ గుర్తుచేస్తాం" అని. పద్నాలుగు ఇళ్లలో పదకొండు ఇళ్ల వాళ్లు వేసుకున్నామని చెప్పారు. ఇద్దరు తమ పిల్లలకీ రాత్రిళ్లు దురదగా ఉందని, ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదని రాశారు. ఒకళ్లు కోపంగా మాట్లాడారట. ఎవరూ పిల్లని మాన్పించలేదు. సిబ్బంది కూడా వేసుకున్నారు. ఒక టీచరమ్మకి మూడో నెల, మొదటి మూడు నెలల్లో ఇవ్వరు కాబట్టి డాక్టరు ఆవిడకి వద్దన్నారు, గోళ్లు, చేతులు జాగ్రత్తగా చూసుకోమన్నారు.

నీలం టవల్ పోయింది. ఇప్పుడు పిల్లకో చిన్న చేతిగుడ్డ, మూలన రంగు దారంతో కుట్టిన గుర్తు. మా పిల్లది చేప. రోజూ సాయంత్రం సంచిలో ఇంటికి వస్తుంది, ఉతికి పంపాలి. చాపల మీద పిల్లల పేర్లు రాశారు, అయిదు కొత్తవి కొన్నారు, వారం వారం కడిగి ఎండలో వేస్తున్నారు. సోమవారం పొద్దున్న గుమ్మంలోనే ఆయమ్మ గోళ్లు చూస్తుంది. పెరిగి ఉంటే తల్లికి చెబుతుంది, మొహమాటం లేదు. రెండో డోసు రోజు మెసేజ్ మర్చిపోకుండా వచ్చింది. మా పిల్ల రాత్రిళ్లు లేచి రెండు నెలలయింది.

ఆ అయిదో స్టారు ఎందుకు ఆపానంటే, చేతులు కడిగే కుళాయి ఇంకా పెద్దవాళ్ల ఎత్తులోనే ఉంది. మూడేళ్ల పిల్ల మునివేళ్ల మీద నిలబడినా నీళ్లు మణికట్టు దాకా అందవు. పీట వేయమని మూడుసార్లు చెప్పాను, వేస్తామంటున్నారు. సబ్బు కూడా పొద్దున్న ఉంటుంది, సాయంత్రానికి ఒక్కోరోజు ఉండదు. మట్టిముద్దలతో బొమ్మలు చేయించే పెట్టెలో ముద్దలు అందరివీ కలిసే ఉంటున్నాయి, అవి మార్చాలి. ఫిబ్రవరి 10కి పిల్లలందర్నీ దగ్గర్లోని అంగన్‌వాడీకి తీసుకెళ్తామని మేడమ్ మాటిచ్చారు. ముందు రోజు నేను ఫోన్ చేసి గుర్తుచేస్తాను.

చేర్పించే ముందు చూడ్డానికి వెళ్లేవాళ్లు పొద్దున్న కాకుండా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వెళ్లండి. పిల్లలు అన్నం తిని చేతులు కడుక్కుని పడుకునే టైము అది. చాపలు, దుప్పట్లు, సబ్బు, తుడుచుకునే గుడ్డ అన్నీ అప్పుడే కనిపిస్తాయి. మేడమ్ లోపలికి రానిస్తారు, అడిగి చూడండి.